వంట నేర్పడం సేవ కాదు, విద్య

పేదవారికి వంట నేర్పే స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నామని ఎవరైనా చెప్పగానే, వినేవారు "ఎంత మంచి సేవ!" అంటారు. ఆ మెచ్చుకోలులోనే ఒక అన్యాయం దాగి ఉన్నదని నా అభియోగం. బడిలో సంధులూ సమాసాలూ చెప్పిన నన్ను ఉపాధ్యాయుడన్నారు, నెలనెలా జీతమిచ్చారు. పాతబస్తీలో ఒక గృహిణికి రెండువందల మందికి బగారా అన్నం వండడం నేర్పే ఉస్తాదును మాత్రం వంటవాడంటారు. ఆయన శ్రమను సేవ అంటారు. ఆయన చెప్పేది విద్య కాదా?

ఆ పని ఎటువంటిదో చూడండి. ఇంటి వంట అందాజు మీద నడుస్తుంది. హోటలు వంటకు తూకం కావాలి. చేతికొలతను గ్రాములలోకి తెచ్చి చెప్పాలి. ఆరుగురి వంటను హెచ్చవేసినంత మాత్రాన రెండువందల మంది వంట కాదు. గిన్నె మారుతుంది, మంట మారుతుంది, నీరు ఇగిరే తీరు మారుతుంది. కచ్చీ బిర్యానీలో పచ్చిమాంసమూ సగం ఉడికిన బియ్యమూ ఒకే వేళకు పక్వానికి రావాలి. పిండితో మూసిన మూత తీసి చూడడానికి వీలులేని పరీక్ష అది! మాంసం తరిగిన పలక మీద కూర తరగకూడదన్న శుభ్రత పాఠం వేరు. ఇదంతా పొయ్యి వేడిలో, గంటల తరబడి నిలబడి చెప్పవలసిన చదువు.

మరి ఈ చదువును కొలిచేదెట్లా? కేంద్ర ప్రభుత్వం 2009-10లో మొదలుపెట్టిన 'హునర్ సే రోజ్‌గార్ తక్' పథకం వంట శిక్షణకు ఎనిమిది వారాలు కేటాయించింది. 2016లో ఆరంభమైన కౌశల్ వికాస్ యోజన రెండవ విడతలో శిక్షణ సంస్థలకు సొమ్ము మూడు వాయిదాలుగా అందేది: తరగతి మొదలుకాగానే 30 శాతం, ధ్రువపత్రాలు వచ్చాక 50, ఉద్యోగాలు దొరికాక 20. అంటే సగం సొమ్ము కాగితానిది! ఏడాది తరువాత ఆమె ఇంకా వండుతున్నదా అన్న ప్రశ్నకు వాటా లేదు. ఇటువంటి లెక్క పెడితే ఏ సంస్థ అయినా తలలనే లెక్కిస్తుంది, చేతులను కాదు.

మన పూర్వులకు ఈ తికమక లేదు. బాహుకుణ్ణి ధ్రువపత్రం చూపమని దమయంతి అడగలేదు; వంట రుచి చూచి నలుణ్ణి గుర్తుపట్టింది. భీముడంతవాడు విరాటుని కొలువులో వలలుడై గరిటె పట్టడానికి చిన్నతనపడలేదు.

హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని పాకశాస్త్ర సృజన నగరాల జాబితాలో చేర్చింది. సంతోషమే. బిరుదు నగరానికి దక్కింది. పొగ మాత్రం వండేవారి కళ్లకే మిగిలింది.

"లాభాపేక్ష లేని సంస్థలకు జీతాలెక్కడివండీ?" అని కొందరు అడుగుతారు. లాభాపేక్ష లేకపోవలసింది సంస్థకు. అక్కడ పనిచేసేవారి ఇంట్లో పొయ్యికి కాదు. కర్మాగారంలో పని నేర్చుకొనే అప్రెంటిసుకు భృతి ఇవ్వాలని 1961 నాటి చట్టమే చెప్పింది. ఉల్లిపాయలు తరుగుతూ నేర్చుకొనే తల్లికి ఆ పాటి మర్యాద ఎందుకు ఉండరాదు? దారి లేకపోలేదు. పాతబస్తీ మహిళలతో పనిచేసే సఫా సంస్థ వారి చేతి వంటనే అమ్మకానికి పెట్టి 'లుక్మా' అనే వంటశాలను నెలకొల్పింది. లుక్మా అంటే ముద్ద. తిన్నవాడు డబ్బిచ్చే చోట వండిన చేయి యాచించదు.

కాబట్టి మిత్రులారా, ఇటువంటి సంస్థకు విరాళమిచ్చే ముందు ఫొటోలు చూచి మురిసిపోకండి. రెండే ప్రశ్నలు వేయండి: నేర్పేవారికి నెలకు ఎంత ఇస్తున్నారు? నిరుడు నేర్చుకొన్నవారు ఈనాడు ఎక్కడ వండుతున్నారు? జవాబు సూటిగా వస్తే నిండుమనసుతో ఇవ్వండి. నీళ్లు నమిలితే, అక్కడ ఉడుకుతున్నది అన్నం కాదని తెలుసుకోండి.