అడ్డా మీదికి ఎప్పుడో వచ్చింది

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల మంది పైచిలుకును తగ్గించుకుంటానని ప్రకటించాక హైటెక్ సిటీకి కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. ఏఐ వల్ల కాదు, నైపుణ్యాల పొంతన కుదరకే అని కంపెనీ చెప్పినా నమ్మినవాళ్లు తక్కువ. టీవీల్లో చర్చలు, కూకట్‌పల్లి హాస్టళ్లలో గుసగుసలు, ఇళ్లల్లో ఈఎంఐ లెక్కలు. భయపడటంలో తప్పేమీ లేదు. అయితే అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న మూసాపేట లేబర్ అడ్డా మీదికి యంత్రం ఎప్పుడో వచ్చింది. అప్పుడు ఏ టీవీ వాళ్లూ చర్చ పెట్టలేదు.

పొద్దున ఎనిమిదింటికి అక్కడ నిలబడి చూడండి. మేస్త్రీల సంచుల్లో తాపీ, మట్టం చూసే పైపు. పెయింటర్ల దగ్గర కర్రకు కట్టిన బ్రష్షు. ఆడవాళ్ల చేతిలో సద్ది డబ్బా. బైకు ఆగితే చాలు, పది మంది మూగుతారు. ముందు మేస్త్రీ కుదురుతాడు, తర్వాత వయసులో ఉన్న మగకూలీ. పది దాటాక మిగిలేది ఎక్కువగా ఆడవాళ్లూ, జుట్టు నెరిసినవాళ్లూ.

ఒకప్పుడు స్లాబ్ వేస్తున్నారంటే వాడకంతా తెలిసేది. మిల్లర్‌లో కంకర, ఇసుక, సిమెంటు పోసేవాళ్లు కొందరు. కింది నుంచి పైకప్పు దాకా వరసగా నిలబడి గమేళాలు అందించేవాళ్లు ఆడవాళ్లే. ఇరవై ముప్పై మందికి కూలి. పని అయ్యాక ఓనరు కోడికూరతో అన్నం పెట్టేవాడు. ఇప్పుడు రెడీమిక్స్ లారీ వస్తుంది, బూమ్ పంపు పైకి లేస్తుంది. గొట్టం పట్టేవాడొకడు, వైబ్రేటర్ పెట్టేవాడొకడు, సర్దేవాళ్లు నలుగురైదుగురు. కొండాపూర్, కోకాపేట టవర్లలో అదీ పాతబడింది. అల్యూమినియం పలకలు బిగించి గోడా స్లాబూ ఒకేసారి పోసే మైవాన్ పద్ధతిలో ఇటుక పేర్చేదే లేదు, ప్లాస్టరింగూ దాదాపు లేదు. మేస్త్రీకి పని తగ్గితే వేరేచోట వెతుక్కుంటాడు. అతని పక్కన మాలు కలిపి అందించే మనిషిని వేరేచోటికి పిలిచేదెవరు?

బరువులు మోయడం గొప్ప సంగతేం కాదు. గమేళాలు మోసి మెడ పట్టేసిన ఆడమనిషిని అడిగితే ఆ రోజులు మళ్లీ రావాలని అనదు. కూలి పోయిందని మాత్రం అంటుంది.

చట్టంలో ఓ తమాషా ఉంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో మొదలైన నిబంధన ప్రకారం సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు ఈ పని చేసి ఉండాలి. బోర్డుకు డబ్బు వచ్చేది నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సు నుంచి. టవర్‌ను మనుషులు లేపినా యంత్రాలు లేపినా సెస్సు ఆగదు. పనిరోజులు తగ్గిన కూలీకి మాత్రం 90 నిండవు, పేరు ఎక్కదు. యంత్రం దెబ్బ తగిలినవాళ్లకే బోర్డు తలుపు మూసుకుంటోంది.

యంత్రం ఎంత, మనిషి ఎంత అన్నది ఎవరో కూర్చుని తేల్చే లెక్క. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌ను కాంక్రీటుతో కాకుండా రాతికట్టడంగా లేపారు. విదేశీ మారకం తక్కువ, చేతులు ఎక్కువ అన్న లెక్క అది. ఆ కాలం తిరిగి రాదు. కానీ మన ఊళ్లోనే, ఈమధ్యే ఇంకో లెక్క కుదిరింది. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లో పట్టే 70 మినీ జెట్టింగ్ మెషీన్లను మురుగు లైన్ల మీదికి దించింది. దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీ చెయ్యి కలిపింది, బ్యాంకు అప్పిచ్చింది, దళిత ఔత్సాహికులు వాటికి ఓనర్లయ్యారు. మెషీన్లకు పని ఉంటుందని జలమండలి మాట ఇచ్చింది కాబట్టే బ్యాంకు ముందుకొచ్చింది. ఆ తర్వాత మ్యాన్‌హోల్ చావులు పూర్తిగా ఆగాయని చెప్పలేం. అయినా చేత్తో చేసే మురుగు పనిని యంత్రం తీసుకున్నప్పుడు, దాని తాళం చెవి ఎవరికివ్వాలో ఒక ప్రభుత్వ సంస్థ ముందే ఆలోచించడం మనకు అలవాటైన వ్యవహారం కాదు. ఢిల్లీ జల్ బోర్డు కూడా తర్వాత ఈ దారే పట్టింది.

సంక్షేమ బోర్డుకు వచ్చే సెస్సు డబ్బుతో అడ్డా మీదా ఇలాగే చేయొచ్చు. పది మంది ఆడవాళ్లకు కలిపి ఒక స్ప్రే ప్లాస్టరింగ్ మెషీనో, చిన్న మిల్లరో. సంఘాలకు అప్పివ్వడం, వసూలు చేసుకోవడం మన బ్యాంకులకు డ్వాక్రా నాటి నుంచీ తెలిసిందే. పనికి భరోసా సర్కారే ఇవ్వాలి. స్కూళ్లు, అంగన్‌వాడీల మరమ్మతుల్లో కొంత వాటా ఈ సంఘాలకేనని టెండరులో రాయాలి. బోర్డులో ఒకసారి పేరు ఎక్కినవాళ్లకు 90 రోజుల షరతు సడలించడం అంతకంటే ముందు జరగాలి.