నొప్పి తగ్గింది సరే, కాలు లేస్తోందా?

నాట్లు అయ్యాక మన ఊళ్లలో ఎవర్ని కదిపినా నడుము, కాలు లాగుడు మాటే. 50 కిలోల డీఏపీ బస్తా ఒంగి ఎత్తడం, 16 లీటర్ల స్ప్రే పంపు వీపున మోయడం, ఆడవాళ్లయితే పొద్దస్తమానం ఒంగే ఉండడం. నడుములో డిస్కు జరిగి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి తొడ వెనకగా పిక్క, పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. అదే సయాటికా.

చాలామందికి ఇది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం సూదేసినాయనకో, నడుము తొక్కినాయనకో వస్తుంది! సూది సంగతి పోనీండి, తొక్కించుకోవడం మాత్రం వద్దు. నెలంతా మంచాన పడుకోవడమూ తప్పే. బరువులు మానేసి, ఓర్చుకోగలిగినంత నడవాలి.

నా బాధల్లా వేరే. మనం నొప్పికి భయపడతాం గానీ తిమ్మిరికి భయపడం. నొప్పి తగ్గి కాలు మొద్దుబారితే, చెప్పు జారిపోయినా తెలియకపోతే, నయమైందనుకుంటాం. లోపల నరం దెబ్బతింటూ ఉండొచ్చు. పాదం పైకి లేవకపోతే వెంటనే డాక్టరుకు చూపించాలి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పుతున్నా అదే రోజు, అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆపరేషన్ ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు.

మూత్రం సంగతి చెప్పడానికి మన ఆడవాళ్లు సిగ్గుపడతారు. ఇంట్లో ఎవరన్నా కాలు లాగుతోందంటే ఆ మాట మీరే అడగండి.