‘అక్కా’ అన్నంత మాత్రాన...

దసరాకి ఇరవై రోజుల ముందు సూరత్ వ్యాపారికి నలభై వేలు పంపాను. మూడేళ్లుగా చీరలు పంపుతున్నవాడే. ‘నాలుగు రోజుల్లో పార్సిల్ వచ్చేస్తుందక్కా’ అన్నాడు. అంతే, ఆ తర్వాత ఫోన్ స్విచ్చాఫ్! అందులో పాతిక వేలు ఇరుగుపొరుగు ఇచ్చిన అడ్వాన్సులే. ఇంట్లో చెబితే ‘నీకెందుకొచ్చిన వ్యాపారం’ అంటారని వారం రోజులు నోరు మెదపలేదు. డబ్బు పంపడం కన్నా అదే పెద్ద తప్పు.

బిల్లు అడిగితే అనుమానించినట్లవుతుందని మనకు మొహమాటం. మరి కిరాణా కొట్టాయన మన అప్పు ఖాతాలో రాసుకోడూ? అది అనుమానమా?

అందుకే జీఎస్టీ నంబరు అడగండి. ఆ శాఖ వెబ్‌సైట్‌లో చూస్తే రిజిస్ట్రేషన్ ఎవరి పేరునుందో, ఇంకా అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. ధర, సరుకు అందే తేదీ రాయించుకోండి. సగం డబ్బు సరుకు చేతికొచ్చాకే ఇవ్వండి. మోసమని తోస్తే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అడ్వాన్సులు నెలనెలా తీరుస్తున్నాను. వ్యాపారం మాత్రం మానలేదు. ఇప్పుడు ‘అక్కా’ అన్నవాళ్లనీ బిల్లడుగుతున్నాను.