వీధి బాదం, కుక్క, సైనైడు



కుక్కను పెంచే ఇంటి ముందు బాదం చెట్టు ఉండకూడదని, బాదంలో సైనైడు ఉంటుందని ఒక మాట తరచూ చెవిన పడుతోంది. ఆ మాట పట్టుకుని గొడ్డలి తీసేముందు అది ఏ బాదమో చూడాలి కదా! కిరాణా కొట్లో కొనే బాదంపప్పు కశ్మీర్‌లోనో కాలిఫోర్నియాలోనో పండేది. ఆ చెట్టు గులాబీ కుటుంబానిది, పీచ్‌కూ ఆప్రికాట్‌కూ చుట్టం. అందులోనూ చేదు రకంలోనే అమిగ్డలిన్ బాగా ఉంటుంది. నమిలినప్పుడు దాన్నుంచి సైనైడు పుడుతుంది. తీపి రకంలో అది నామమాత్రం. మన వీధుల్లో గొడుగు మీద గొడుగు పేర్చినట్టు కొమ్మలు చాచి, రాలేముందు ఆకులు ఎర్రబారే చెట్టు పూర్తిగా వేరు. దాని శాస్త్రీయ నామం టెర్మినేలియా కటప్పా. దీని బంధువులు తెల్లమద్ది, కరక్కాయ, గోడల మీద పాకే రాధామనోహరం. కాయ పోలికను బట్టి పేరు అంటుకుంది, పేరుతోపాటు నిందా అంటుకుంది.

ఈ కాయల్ని రాయితో కొట్టి, లోపల చాపలా చుట్టుకుని ఉండే సన్నటి పప్పును పిల్లలు తింటూనే ఉన్నారు. మనిషికి పడింది కుక్కకూ పడాలని ఏముందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ద్రాక్ష, ఉల్లి, చాక్లెట్ మనకు తిండి, కుక్కకు హాని. మెకడేమియా గింజలు తిన్న కుక్కకు పన్నెండు గంటల్లోపే వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, ఒళ్లు వణుకుతుంది. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటుంది. కాని ఒక గింజ మీద రుజువైన నేరాన్ని గింజలన్నిటికీ పూయలేం. వీధి బాదం మీద అలాంటి ఆరోపణకు ఆధారం కనిపించదు. పప్పులో సగానికి సగం నూనె కనుక ఎక్కువ తింటే కడుపు చెడుతుంది, అంతే.

అసలు భయపడాల్సింది టెంకకు. రాత్రి గబ్బిలాలు గుజ్జు గీరుకు తిని పీచుతో ఉన్న టెంకను కింద పడేస్తాయి. ఆ తీపి వాసనకు కుక్కపిల్ల దాన్ని నోట కరుచుకుంటుంది. నమలడానికి లొంగదు, మింగితే అరగదు, పేగులో అడ్డం పడితే ఆపరేషనే గతి. పదే పదే వాంతులు, తిండి మానేయడం, మల విసర్జన ఆగిపోవడం కనిపిస్తే వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఉప్పునీళ్లు పోసి కక్కించడం మరీ ప్రమాదం: ఉప్పే విషమవుతుంది, పైకొచ్చే టెంక గొంతులో ఇరుక్కోవచ్చు.

రోజూ ఎవరు ఊడుస్తారు, కొట్టేస్తే పీడా పోతుంది కదా అనేవారూ ఉన్నారు. కాయలు ఏడాది పొడుగునా రాలవు. రాలే రోజుల్లో తెల్లవారగానే, కుక్కను వదలకముందే ఒకసారి చీపురు వేస్తే సరిపోతుంది. టెంక ఉందని చెట్టు కొట్టాల్సి వస్తే ముందు నరకాల్సింది మామిడిని. మామిడి టెంక కుక్క పేగుకు ఇంతకంటే పెద్ద గండం. అయినా పెరటి మామిడిని కొట్టేయమని ఎవరూ అనరు. టెంకలు కుక్కకు అందకుండా చెత్తబుట్టలో వేసి మూత పెడతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కాకినాడ