ఫాంహౌసులో బార్ ఉంది, పనిబల్ల ఏదీ?

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే మన సాఫ్ట్‌వేర్ జనాల ఫాంహౌసులే. ఈతకొలను, బార్బెక్యూ, బార్ కౌంటర్... అన్నీ ఉంటాయి. ఒక రంపం, ఒక పనిబల్ల మాత్రం ఉండవు. పైగా మనం ఇంజనీర్లం!

మంచు పడే దేశాల్లో కొందరు ఇంటి గ్యారేజీలోనే స్కీలు చేసుకుంటారు. చెక్కకి పైనా కిందా ఫైబర్‌గ్లాస్ వేసి, ఎపాక్సీ పట్టించి, అచ్చులో బిగిస్తారు. పొరలు ఊడొచ్చాయా? జిడ్డు తగిలిందేమో, హార్డెనర్ కొలత తప్పిందేమో. వంకర తిరిగిందా? చెక్కలో తేమ ఉందేమో. ఒక్కొక్కటీ మార్చి చూడాలి. మనం రోజూ చేసే డీబగ్గింగే కదా! కాకపోతే ఇక్కడ కంట్రోల్ జెడ్ ఉండదు.

"చేవెళ్లలో మంచేదీ?" అంటారా? స్కీలే చెయ్యమని ఎవరన్నారు? ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు, ఒక్క చీరకి అమ్మ దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడించడం చూడలేక 1992లో ఆసు యంత్రం మొదలెట్టారు. ముక్క ముక్కగా చేసుకుంటూ 1999కి పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చదువు బడి మధ్యలోనే ఆగిపోయింది.

మరి మనం? మొయినాబాద్ చుట్టూ బోలెడు ఇంజనీరింగ్ కాలేజీలు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మాత్రం అమీర్‌పేటలో కొనుక్కొచ్చినవాళ్ళు ఎంతమంది లేరు?

టైం లేదనకండి, వీకెండ్ పార్టీకి ఉందిగా. ఓ మూల బల్ల వెయ్యండి. మొదట చేసింది తప్పకుండా పాడవుతుంది. ఎందుకు పాడైందో కనిపెట్టాక చెప్పుకోండి, నేను ఇంజనీర్నని.