మనిషి వెళ్లిపోయాడు, సర్వీసు ఆగిపోయింది

ధర్మవరం పట్టుచీరల దుకాణాల్లో, హిందూపురం మండీల్లో, 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన పెనుకొండ చుట్టుపక్కల చిన్న కంపెనీల్లో లెక్కలు ఇప్పుడు కంప్యూటర్లోనే. లైసెన్సు ఖర్చు ఉండదని కొందరు లినక్స్ సర్వర్ పెట్టించుకుంటున్నారు. మంచి పనే. అయితే దాన్ని పెట్టిన కుర్రవాడు ఇక్కడే ఉండిపోడు. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే. మంచి జీతం దొరికితే రైలెక్కేస్తాడు, ఎక్కాలి కూడా. అతని పేరు మాత్రం సర్వర్లోనే ఉండిపోతుంది. మన ఊళ్లలో సర్వీసులు పడిపోవడానికి నేను తరచూ చూసే కారణం ఇదే. తేలిగ్గా తప్పించగలిగినదీ ఇదే.

ధర్మవరంలో ఒక చీరల దుకాణం సంగతి చెబుతాను. పెళ్లిళ్ల సీజను. రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా దిగిపోయింది. పొద్దున సర్వర్ ఆన్ అయింది కానీ బిల్లింగ్ సర్వీసు లేవలేదు. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నింది అన్నా, ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు యజమాని. అతను చెప్పింది నిజమే.

సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే, సర్వీసును మరీ వెంటవెంటనే మొదలుపెడుతున్నారు, ఇక కుదరదు అన్న సందేశం వచ్చింది. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మామూలు సెట్టింగుల్లో 10 సెకన్లలో 5 సార్లు మొదలై పడిపోయిన సర్వీసును, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ మళ్లీ ముట్టదు. కాబట్టి అది ఫలితమే కానీ కారణం కాదు. జర్నల్‌సీటీఎల్‌లో ఆ సర్వీసు లాగ్ తీసి పైకి చదువుకుంటూ వెళితే 217/యూజర్ అన్న కోడ్, దాని దగ్గరే 'నో సచ్ ప్రాసెస్' అన్న మాట కనిపించాయి. ఆ మాట నమ్మి, ప్రోగ్రాం పాడైందనుకుని మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు. ఇక్కడ లేనిది ప్రోగ్రాం కాదు, యూజర్. సర్వీసు ఫైల్లో రాసి ఉన్న యూజర్ పేరును ఐడీ కమాండుకు ఇస్తే, అలాంటి యూజరే లేడని తేలిపోయింది.

ఆ పేరు, పని మానేసి వెళ్లిన కుర్రవాడిది. అతను వెళ్లాక ఎవరో యూజర్‌డెల్‌తో ఖాతా తీసేశారు. ఆ యూజర్ పేరు మీద ప్రోగ్రాం నడుస్తుంటే యూజర్‌డెల్ మామూలుగా ఒప్పుకోదు, ఫలానా ప్రాసెస్ వాడుకుంటోందని చెబుతుంది. బలవంతం చేసే ఆప్షన్ తగిలించి తీసేశారు. ఆ రోజు ఏమీ కాలేదు. ఎందుకంటే కెర్నల్‌కు కావలసింది నంబరు, పేరు కాదు. 1001 నంబరుతో మొదలైన ప్రోగ్రాం, ఖాతా పోయినా 1001గానే నడుస్తూ ఉంటుంది. ఆ పేరుకు ఏ నంబరో సిస్టమ్‌డీ వెతికేది సర్వీసును మొదలుపెట్టేటప్పుడే. అందుకే తప్పు ఒక రోజు జరిగితే దెబ్బ ఇంకో రోజు తగులుతుంది. మధ్యలో నెలలు గడిచిపోవచ్చు.

కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటే తొందరలో తోచే ఉపాయం, సర్వీసును అన్ని అధికారాలూ ఉన్న రూట్‌గా నడిపేయడం. బిల్లులు వస్తాయి, నిజమే. కానీ అది ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టడమే. ఆ ప్రోగ్రాంలో ఏ చిన్న లోపం దొరికినా మొత్తం మెషీన్ బయటివాడి చేతికి పోతుంది. 2017లో సిస్టమ్‌డీలోనే ఇలాంటి లోపం బయటపడింది. యూజర్ పేరు అంకెతో మొదలైతే అది చెల్లని పేరని సర్వీసు ఫైల్లో ఆ లైనును వదిలేసి, సర్వీసును రూట్‌గా నడిపేసేది. తర్వాత దాన్ని సరిదిద్దారు. ఎవరిగా నడవాలో తెలియనప్పుడు సర్వీసు ఆగిపోవడమే క్షేమం. ఆ పొద్దున ఆగిపోయిన సర్వీసు దుకాణాన్ని కాపాడిందనే నేనంటాను.

పాత పేరుతోనే కొత్త ఖాతా తెరవడమూ సరైన మందు కాదు. నంబరు మారితే పాత ఫైళ్లు దానికి దక్కవు, 'పర్మిషన్ డినైడ్' వస్తుంది. అప్పుడు అన్నిటికీ 777, అంటే ఎవరైనా చదివి మార్చగలిగే అనుమతి, ఇచ్చేస్తారు. ఇంకో ప్రమాదమూ ఉంది. యూజర్‌యాడ్ మామూలుగా ఉన్నవాటిలో పెద్ద నంబరు తర్వాతిది ఇస్తుంది. వెళ్లినవాడిదే ఆఖరి నంబరైతే, రేపు కొత్తగా చేరినవాడికి అదే వస్తుంది, దాంతోపాటు పాతవాడి ఫైళ్లన్నీ అతని సొంతమవుతాయి.

సరైన పని పెద్దదేమీ కాదు. బిల్లింగ్‌కు సొంతంగా ఒక సిస్టమ్ ఖాతా తెరవాలి. దానికి నోలాగిన్ షెల్ ఇవ్వాలి, అంటే దాంతో ఎవరూ లాగిన్ కాలేరు. డేటా ఫోల్డర్లను చౌన్‌తో దాని పేరు మీదకు మార్చాలి. సర్వీసు ఫైల్లో ఆ పేరు రాసి, డీమన్ రీలోడ్, రీసెట్ ఫెయిల్డ్ చేసి మొదలుపెట్టాలి. ఆ దుకాణంలో చేసింది ఇదే.

సర్వర్ పెట్టే మన పిల్లలకు నా మాట ఒకటే: సర్వీసును మీ పేరు మీద నడపకండి. దుకాణదారులు, కంపెనీలవాళ్లు కూడా ఒక అలవాటు చేసుకోవాలి. పనివాడు మారిన వారంలోనే, బేరాలు లేని మధ్యాహ్నం చూసి, బ్యాకప్ తీసుకుని, తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని సర్వర్‌ను రీబూట్ చేయించండి. లేవకపోతే సరిచేసుకోవడానికి మనిషీ ఉంటాడు, టైమూ ఉంటుంది. ఆ పరీక్షను కరెంటు కోతకు వదిలేస్తే, అది పెళ్లిళ్ల సీజను చూసే పెడుతుంది.