ముద్దల లెక్క మానేద్దాం



మన సంఘం ఉగాది వేడుకలో జరిగింది మీలో చాలామంది కళ్లారా చూశారు. రెండేళ్లు నిండని పిల్లాడికి ఫోను చూపిస్తూ పులిహోర కుక్కుతుంటే వేరుశెనగ పలుకు గొంతుకు అడ్డం పడింది. మనలోనే ఒక నర్సమ్మ ఉండి, వెంటనే వీపు చరిచి కక్కించింది కాబట్టి సరిపోయింది. ఆ నర్సమ్మకు సంఘం తరఫున దండాలు. నాలుగేళ్లలోపు పిల్లలకు పలుకులు పలుకులుగా పెట్టకూడదని ఇకనైనా గుర్తుంచుకుందాం.

తినిపిస్తున్న అమ్మాయిని తప్పుపట్టను. వెనకాల నిలబడి "ఇంకో రెండు ముద్దలు పెట్టమ్మా" అన్నవాళ్లు చాలామందే. వీడియో కాల్ ఎత్తగానే పాలకొండ నుంచో బొబ్బిలి నుంచో వచ్చే మొదటి మాట కూడా అదే: "గుంటడు సిక్కిపోనాడేటే?" ఇక డాక్టరు చార్టులో బరువు గీత కాస్త కిందికి దిగితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మా ఇంట్లోనూ ఇదే తంతు. మనవరాలు నోరు బిగిస్తే చాలు, అందరం చుట్టూ చేరతాం.

ఒక్కటి ఆలోచించండి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి దాదాపు తొమ్మిదికి చేరుతుంది. రెండో ఏట పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించాక ఆకలి తగ్గదూ? అది జబ్బు కాదు, మొండితనం అంతకన్నా కాదు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన పని. ఎంత తినాలో బిడ్డ కడుపుకే తెలుసు.

ఇది అమెరికా పైత్యం అని కొట్టిపారేయకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. బిడ్డ సైగలు గమనిస్తూ తినిపించడం, ఆడించడం తల్లులకు నేర్పిన ఊళ్లలో పిల్లల తిండీ మెరుగైంది, మానసిక ఎదుగుదలా మెరుగైంది.

మన చోడి (రాగి) జావకు తిరుగులేదు. ఆరు నెలలు నిండాక, గరిటె జారుగా కాకుండా చిక్కగా కాచి పెట్టండి. ఏడాదిలోపు ఉప్పూ పంచదారా అక్కర్లేదు. ఎంత పెద్దవారు చెప్పినా సరే, తేనె నాలిక్కి రాయనే వద్దు. రోజంతా పాలసీసా పట్టుకుని తిరిగే పిల్లకి అన్నం మీద ఆకలి ఎక్కణ్నుంచి వస్తుంది? బీరకాయ ఉమ్మేస్తే ఇంకోరోజు మళ్లీ పెట్టండి, పదిసార్లయినా సరే. బతిమాలడం, బూచోణ్ని పిలవడం మాత్రం వద్దు. బరువు నిజంగా తగ్గుతుంటే డాక్టర్ని అడగండి, వాట్సాప్ గుంపుని కాదు.

గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలో నేర్పే తరగతి త్వరలో పెడుతున్నాం. అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా రావాలి.   

వేసవికి ఊరి నుంచి వచ్చే పెద్దలకు ఒక మనవి. మనవలను పక్కన కూర్చోబెట్టుకుని మీరూ తినండి. వాళ్లెన్ని ముద్దలు తిన్నారో మాత్రం లెక్కపెట్టకండి.

— సంపాదకవర్గం